4294967297 ఏ ఏ వర్గాలకు చెందుతుంది? (చర్చ)

సంఖ్యాన్వేషి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు అనే సంఖ్యను, అంటే 4294967297ను, కొన్ని వారాలుగా పరిశీలిస్తున్నాను. ఇది 2³² కంటే ఒకటి ఎక్కువ. నాకు తెలిసినంతలో దీని లక్షణాలు ఇవి. ఇది బేసి సంఖ్య, పది అంకెలున్న సంఖ్య. అంకెల మొత్తం 59 కాబట్టి 3తో గాని 9తో గాని భాగింపబడదు. చివరి అంకె 7 కాబట్టి 5తో భాగింపబడదు. 7, 11, 13, 17 అంటూ వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగించి చూశాను. మూడు వందలు దాటేవరకు ప్రయత్నించినా శేషం లేని భాగహారం ఒక్కటీ దొరకలేదు.

ఇది ప్రధాన సంఖ్య కాదని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ మాట నమ్మడం తేలికే కానీ, కాగితం మీద నా చేతులతో తేల్చుకోవాలని కోరిక. ఇలాగే ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోవడం తప్ప వేరే దారి ఉందా? దీనిని ఏ ఏ వర్గాల్లో చేర్చవచ్చో, ఏ వర్గంలో ఎందుకు చేర్చకూడదో కారణాలతో సహా తెలుసుకోవాలని ఉంది.

శేషాంకం

సంఖ్యాన్వేషి గారూ, మీరు ఎంచుకున్నది గణిత చరిత్రలో పెద్ద పేరున్న సంఖ్య. 2ను 2 యొక్క ఏదైనా ఘాతానికి (1, 2, 4, 8, 16, 32 వంటి వాటికి) హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలను ఫెర్మా సంఖ్యలు అంటారు. సున్నా నుంచి లెక్కిస్తే అవి 3, 5, 17, 257, 65537, ఆ తర్వాత ఐదవది మీ 4294967297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. మిగిలినవన్నీ కూడా ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫెర్మా 1640లో రాసిన ఉత్తరాల్లో తన నమ్మకాన్ని తెలిపాడు, అయితే నిరూపణ ఇవ్వలేదు. 1729 చివర గోల్డ్‌బాక్ ఈ విషయాన్ని ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ ఐదవ సంఖ్య 641తో భాగింపబడుతుందని చూపడంతో ఆ నమ్మకం కూలిపోయింది.

మీరు అడిగిన దారి ఉంది. ఏ ప్రధాన సంఖ్య అయినా 2³² + 1ను భాగిస్తుందని అనుకుందాం. దానిని ప అందాం. అప్పుడు 2³²ను పతో భాగిస్తే శేషం −1 అవుతుంది (అంటే ఒకటి కలిపితే పతో పూర్తిగా భాగింపబడుతుంది), కనుక దాని వర్గమైన 2⁶⁴ను భాగిస్తే శేషం 1 అవుతుంది. శేషం 1 వచ్చే అతి చిన్న ఘాతం 64ను భాగించాలి. అది 32ను భాగిస్తే 2³²కి కూడా శేషం 1 వచ్చి తీరాలి, కానీ మనకు వచ్చింది −1. కాబట్టి ఆ అతి చిన్న ఘాతం 64 తప్ప మరొకటి కాదు. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను ప−1 ఘాతానికి హెచ్చించినా శేషం 1 వస్తుంది, అంటే 64 అనేది ప−1ను భాగించాలి. కనుక ఈ సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకమూ 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేసిన శ్రమలో ఎంత తగ్గిపోతుందో చూడండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 అనే వరుసలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. మీరు మూడు వందల దాకా చేసిన భాగహారాల్లో అవసరమైనవి 193, 257 రెండే. ఐదో ప్రయత్నానికే సమాధానం దొరుకుతుంది:

4294967297 = 641 × 6700417

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే విషయం, ఈ వాదనకు కావలసిన ముఖ్య సాధనం ఫెర్మా కనుగొన్న సిద్ధాంతమే కావడం. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.

గుణిజం

శేషాంకం గారి వివరణకు ఒక చిన్న నిరూపణను జోడిస్తాను. ఇందులో పెద్ద భాగహారం ఒక్కటీ లేదు. 641ను రెండు విధాలుగా రాయవచ్చు:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

మొదటి రూపం నుంచి, 641తో భాగించినప్పుడు 5 × 2⁷ యొక్క శేషం −1 అని తెలుస్తుంది. దానిని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ యొక్క శేషం 1. రెండవ రూపం నుంచి 5⁴ స్థానంలో −2⁴ను పెట్టవచ్చు. అప్పుడు −2³² యొక్క శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 యొక్క శేషం సున్నా. నిరూపణ పూర్తయింది.

625 + 16, 640 + 1 అనే రెండు కూడికలు తెలిసిన విద్యార్థికి నాలుగు వందల కోట్లు దాటిన సంఖ్య గురించి ఇంత నిశ్చయంగా చెప్పగలగడం నాకు ఎప్పుడూ ఆనందాన్నిస్తుంది.

సంఖ్యాన్వేషి

ఇద్దరికీ కృతజ్ఞతలు. గుణిజం గారి నిరూపణ చదివి చాలాసేపు కాగితం వంకే చూస్తూ ఉండిపోయాను. అయితే రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, ఆ నిరూపణ 641 అనే సమాధానం ముందే తెలిసినవారికి మాత్రమే తోచేది కాదా? రెండవది, 6700417 ప్రధాన సంఖ్య అని ఎలా తెలుస్తుంది? దానికి ఇంకా చిన్న కారణాంకాలు ఉంటే మన వర్గీకరణ అంతా మారిపోతుంది కదా.

శేషాంకం

మొదటి సందేహం న్యాయమైనది. 5⁴ + 2⁴ అనే రూపం సమాధానం తెలిశాక దొరికిన అందమే. వెతకడానికి ఉపయోగపడేది 64 గుణిజాల వాదన, లేదా దానికంటే పదునైన మరొకటి.

ఆ పదునైన వాదనను లూకాస్ 1878లో ఇచ్చాడు. ప అనేది 64 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్య కాబట్టి, 8తో భాగిస్తే దాని శేషం 1. అటువంటి ప్రధాన సంఖ్యల విషయంలో, వర్గం చేస్తే పతో శేషం 2 వచ్చే సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. 2కు శేషం 1 ఇచ్చే అతి చిన్న ఘాతం 64 కాబట్టి, ఆ సంఖ్యకు అది 128 అవుతుంది. కనుక 128 కూడా ప−1ను భాగించాలి. ఇప్పుడు వరుస 129, 257, 385, 513, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు 257, 641 రెండే. 257 స్వయంగా మూడవ ఫెర్మా సంఖ్య, ఏ రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. కాబట్టి దానిని భాగించి చూడకుండానే పక్కన పెట్టవచ్చు. అంటే మనం నిజంగా చేయవలసిన మొదటి భాగహారమే 641తో చేసేది.

రెండవ సందేహానికీ ఇదే సాధనం. 6700417కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 4294967297కూ కారణాంకమే కనుక అదీ 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. 6700417 వర్గమూలం 2588 కంటే కొద్దిగా ఎక్కువ. ఆ హద్దులోపల ఈ రూపంలో ఉన్న సంఖ్యలు ఇరవై, వాటిలో ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 అనే ఐదు మాత్రమే. భాగహారాలు చేస్తే:

257తో శేషం 170
641తో శేషం 44
769తో శేషం 120
1153తో శేషం 334
1409తో శేషం 622

ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. అరవై ఏడు లక్షలకు పైబడిన సంఖ్య ప్రధానత్వాన్ని ఐదు భాగహారాలతో తేల్చగలిగాం. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం వల్లనే ఇది సాధ్యమైంది, అదే సంఖ్యను ఏ నేపథ్యమూ లేకుండా ఇచ్చి ఉంటే కొన్ని వందల ప్రధాన సంఖ్యలతో భాగించవలసి వచ్చేది.

మరొక విషయం కూడా ప్రస్తావిస్తాను. 1804లో పుట్టిన జెరా కోల్‌బర్న్ అనే అమెరికా బాలుడు మనోగణన ప్రదర్శనలకు ప్రసిద్ధుడు. అతడు బాల్యంలో లండన్‌లో ఇదే సంఖ్యను ఇస్తే నోటితోనే 641, 6700417 అని చెప్పినట్లు నమోదై ఉంది.

తొలిఅడుగు

పెద్దలకు నమస్కారం. నేను ఈ వేదికకు కొత్త. ఒక విషయం లెక్కించి చూశాను, సరైనదో కాదో చెప్పండి. 2ను 4294967296వ ఘాతానికి హెచ్చించి 4294967297తో భాగిస్తే శేషం 1 వస్తోంది. ప్రధాన సంఖ్య కాకపోయినా ఫెర్మా చిన్న సిద్ధాంతాన్ని తృప్తిపరుస్తోంది కాబట్టి, ఇది కార్మైకేల్ సంఖ్య అని నిర్ణయించవచ్చా?

శేషాంకం

తొలిఅడుగు గారూ, మీ లెక్క పూర్తిగా సరైనది, నిర్ణయం మాత్రం సరికాదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆధారం 2 అయినప్పుడు ప్రతి ఫెర్మా సంఖ్యా ఈ పరీక్ష నెగ్గుతుంది. 2, 4, 16, 256, 65536 అంటూ వర్గం చేస్తూ పోతే, ఐదవ వర్గానికి 4294967296 వస్తుంది, అది మన సంఖ్యతో శేషం −1. ఆరవసారి వర్గం చేస్తే 1. అక్కడి నుంచి ఎన్నిసార్లు వర్గం చేసినా 1 దగ్గరే ఉంటుంది. మన సంఖ్య నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే 2³² శుద్ధమైన 2 ఘాతమే కాబట్టి చివర 1 రావడంలో ఆశ్చర్యం లేదు. 1 రావడానికి ముందు −1 వచ్చింది గనుక, ఇంకా కఠినమైన పరీక్షను కూడా ఇది 2 ఆధారంగా దాటుతుంది. ఇలా ఒక ఆధారానికి ప్రధాన సంఖ్యలా ప్రవర్తించే సంయుక్త సంఖ్యను మిథ్యా ప్రధాన సంఖ్య అంటారు. ఆ వర్గంలో దీనికి నిస్సందేహంగా చోటుంది.

కార్మైకేల్ సంఖ్య కావాలంటే మాత్రం, తనతో ఉమ్మడి కారణాంకం లేని ప్రతి ఆధారానికీ ఇలాగే జరగాలి. దానిని తేల్చడానికి 1899లో కోర్సెల్ట్ ఇచ్చిన నియమం ఉంది. సంఖ్య 1 తప్ప మరే వర్గ సంఖ్యతోనూ భాగింపబడని సంయుక్త సంఖ్య కావాలి, దాని ప్రతి ప్రధాన కారణాంకం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య, అసలు సంఖ్య నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యను భాగించాలి. ఇక్కడ 641 − 1 = 640 = 2⁷ × 5. అది 2³²ను భాగించదు, ఎందుకంటే 2³²లో 5 లేదు. ఆ ఒక్క 5 వల్ల ఇది కార్మైకేల్ సంఖ్య కాకుండా పోయింది. పైగా కార్మైకేల్ సంఖ్యకు కనీసం మూడు ప్రధాన కారణాంకాలు ఉండి తీరాలి, దీనికి ఉన్నవి రెండే.

ఆధారాన్ని 2 నుంచి 3కు మారిస్తే నిజం బయటపడుతుంది. 1877లో పెపాన్ ఇచ్చిన పరీక్ష ఇది: ఫెర్మా సంఖ్య ప్రధాన సంఖ్య అయితే, 3ను దాని కంటే ఒకటి తక్కువైన సంఖ్యలో సగం ఘాతానికి హెచ్చించినప్పుడు శేషం −1 రావాలి, −1 వస్తే అది తప్పక ప్రధాన సంఖ్యే. మన విషయంలో 3ను ముప్పై ఒక్కసారి వరుసగా వర్గం చేస్తూ ప్రతిసారీ శేషం తీసుకోవాలి. రావలసినది 4294967296, వచ్చేది 10324303. మరొకసారి వర్గం చేస్తే 1కి బదులు 3029026160 వస్తుంది. 641 పేరే ఎత్తకుండా ఇది సంయుక్త సంఖ్య అని నిరూపణ అయింది. కారణాంకం తెలియకుండానే సంయుక్తత తెలియడం మొదటిసారి చూసేవారికి వింతగా ఉంటుంది, కానీ పెద్ద ఫెర్మా సంఖ్యల విషయంలో చాలాసార్లు మనకు దొరికేది అంతే.

తొలిఅడుగు

అర్థమైంది. ఒక ఆధారంతో నెగ్గినంత మాత్రాన అన్ని ఆధారాలకూ వర్తింపజేయడం నా పొరపాటు. 3తో ముప్పై ఒక్క వర్గాలనూ నేనే చేసి చూస్తాను.

వర్గద్వయం

ఈ సంఖ్యలో నాకు అత్యంత ప్రియమైన కోణం ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇది రెండు వర్గాల మొత్తం. అది కనబడుతూనే ఉంది: 65536² + 1². అయితే రెండో విధంగా కూడా దీనిని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు:

4294967297 = 62264² + 20449²

విలువలు వేసి చూడండి: 3876805696 + 418161601. కూడితే సరిగ్గా సరిపోతుంది. పైగా 20449 మళ్ళీ 143 యొక్క వర్గం.

ఈ రెండో రూపం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 641, 6700417 రెండూ 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలు. అటువంటి ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయవచ్చు:

641 = 25² + 4²
6700417 = 2556² + 409²

రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుందని చెప్పే సూత్రం ఉంది. దీనికంటే విస్తృతమైన రూపాన్ని బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఇచ్చాడు. ఆ సూత్రం రెండు దారులు చూపుతుంది. ఒక దారిలో 25 × 2556 + 4 × 409 = 65536, 25 × 409 − 4 × 2556 = 1. ఇంకొక దారిలో గుర్తులు మార్చితే 25 × 2556 − 4 × 409 = 62264, 25 × 409 + 4 × 2556 = 20449. మొదటి దారిలో 10225 నుంచి 10224 పోయి సరిగ్గా 1 మిగలడం చూడండి. ఆ ఒక్కటే 2³² + 1లోని ఒకటి.

ఇప్పుడు దీనిని వెనక్కి తిప్పుదాం. 641 మనకు తెలియదనీ, రెండు వర్గాల రూపాలు మాత్రమే తెలుసుననీ అనుకోండి. ఒక ప్రధాన సంఖ్యను రెండు వేర్వేరు విధాలుగా ఇలా రాయడం అసాధ్యం కాబట్టి ఇది సంయుక్త సంఖ్య అని వెంటనే తేలుతుంది. అంతటితో ఆగకుండా కారణాంకాలు కూడా రాబట్టవచ్చు, ఇది ఆయిలర్ పద్ధతే. 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448. ఈ రెంటి గ.సా.భా. 8. ఆ 8తో భాగిస్తే 409, 2556 వస్తాయి. 65536 + 62264 = 127800ను 2556తో భాగిస్తే 50. ఇప్పుడు 8లో సగం 4, 50లో సగం 25. 4² + 25² = 641, 409² + 2556² = 6700417. మొదట వేరుచేసిన ముక్కలన్నీ తిరిగి చేతికి వచ్చాయి.

వర్గద్వయం అనే పేరు పెట్టుకున్నందుకు మరొక మాట కూడా రాయాలి. ఈ రెండు రూపాల వల్ల 4294967297 కర్ణంగా గల లంబకోణ త్రిభుజాలు, భుజాలకు ఉమ్మడి కారణాంకం లేనివి, రెండు ఏర్పడతాయి. ఒకదాని భుజాలు 131072, 4294967295. రెండవదాని భుజాలు 2546473072, 3458644095. మొదటిది ఎంత సన్నని త్రిభుజమో ఊహించండి, పొడవైన భుజానికీ కర్ణానికీ తేడా రెండే.

ద్విసంకేతం

వర్గద్వయం గారు చెప్పిన 4294967295 నా రంగంలో నిత్యం ఎదురయ్యే సంఖ్య. ముప్పై రెండు బిట్లలో గుర్తు లేకుండా రాయగల అతి పెద్ద పూర్ణాంకం అదే. మన సంఖ్య దానికి రెండు పైన ఉంది, కాబట్టి ఆ బిట్లలో ఇమడదు. బైనరీలో రాస్తే ఒక 1, ఆ తర్వాత ముప్పై ఒక్క సున్నాలు, మళ్ళీ ఒక 1. ఎటు నుంచి చదివినా ఒకటే. పదహారు ఆధారంగా 100000001.

చాలా కాలం క్రితం నేను కారణాంకాలను సరిచూడడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసి, 641ను 6700417తో గుణించమన్నాను. తెరపై 1 అని వచ్చింది. ఒక సాయంత్రమంతా ఆ ప్రోగ్రాములో తప్పు వెతికాను. తప్పు ఎక్కడా లేదు. ముప్పై రెండు బిట్ల లెక్కలో 2³²కి పైబడిన భాగం రాలిపోతుంది కనుక, 2³² + 1లో మిగిలేది 1 మాత్రమే. దీని అర్థం ఆలోచించిన కొద్దీ నాకు ఇష్టం పెరిగింది: ఆ లెక్కలో 641, 6700417 ఒకదానికొకటి విలోమాలు. 641 గుణిజమని తెలిసిన సంఖ్యను 641తో భాగించవలసి వస్తే, భాగించకుండా 6700417తో గుణిస్తే చాలు. 1282ను గుణించి చూడండి, 2 మిగులుతుంది.

ఇంకొక విషయంలో నా అభిప్రాయం చెబుతాను. సంఖ్యాన్వేషి గారు మొదటి సందేశంలో అంకెల మొత్తం 59 అని రాశారు. అది నిజమే, 59 ప్రధాన సంఖ్య కూడా. కానీ ఆ లక్షణం మనం పది ఆధారంగా రాసుకోవడం వల్ల వచ్చినదే తప్ప సంఖ్యలో ఉన్నది కాదు. ఆధారం మార్చితే మాయమయ్యే లక్షణాలను, ఏ ఆధారంలో రాసినా నిలిచే లక్షణాలతో ఒకే వరుసలో పెట్టకూడదని నా నమ్మకం. 3తో భాగింపబడకపోవడం నిలిచే లక్షణం, అంకెల మొత్తం దానిని తెలుసుకునే ఉపాయం మాత్రమే.

గుణిజం

ద్విసంకేతం గారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే పది ఆధారంగా కనబడే లక్షణాలన్నీ నిస్సారమైనవి కావు. రెండవది మొదలుకొని ఫెర్మా సంఖ్యలన్నీ 7తోనే ముగుస్తాయి. 16ను ఎన్నిసార్లు వర్గం చేసినా చివరి అంకె 6గానే ఉండడం దీనికి కారణం. అలాగే 1ని 641తో భాగిస్తే వచ్చే దశాంశాలు ముప్పై రెండు అంకెలకొకసారి తిరిగి వస్తాయి. 10¹⁶ను 641తో భాగిస్తే శేషం −1 అని 10, 100, 385, 154, −1 అనే నాలుగు వర్గాల్లోనే తెలుస్తుంది. ఇలాంటివి రాసే పద్ధతికీ సంఖ్య నిర్మాణానికీ మధ్య ఉన్న సంబంధాన్ని చూపుతాయి.

బహుభుజి

జ్యామితి వైపు నుంచి ఒక ప్రశ్న. గాస్ 1796లో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో గీయవచ్చని కనుగొన్నాడు. 17 ఫెర్మా సంఖ్య కావడమే అందుకు కారణమని చదివాను. అలాగైతే 4294967297 భుజాల క్రమ బహుభుజిని కూడా, కనీసం సిద్ధాంతరీత్యా, గీయవచ్చు కదా?

వర్గద్వయం

గీయలేము. కావలసినది ఫెర్మా సంఖ్య కావడం కాదు, ఫెర్మా ప్రధాన సంఖ్య కావడం. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయినప్పుడే ఆ బహుభుజిని గీయగలం. ఆ షరతు తప్పనిసరి అని వాంజెల్ 1837లో నిరూపించాడు. 641, 6700417 రెండూ ఫెర్మా సంఖ్యలు కావు. మరొక విధంగా చూస్తే, మన సంఖ్య కంటే చిన్నవై దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 640 × 6700416 = 4288266240. గీయడానికి ఇది 2 ఘాతం కావాలి. 640లో 5 ఉంది, 6700416లో 3, 17449 ఉన్నాయి. ఇందాక కార్మైకేల్ సంఖ్య కాకుండా చేసిన 5 ఇక్కడ కూడా అడ్డు నిలిచింది.

అయితే రెండు మెట్లు కిందికి దిగండి. 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలన్నిటి లబ్ధం. గీయగలమని ఇప్పటివరకు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దది దానిదే. ఏ ఫెర్మా సంఖ్య నుంచైనా 2 తీసివేస్తే అంతకు ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి లబ్ధం వస్తుంది. శేషాంకం గారు చెప్పిన, ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదన్న మాటకు నిరూపణ కూడా ఇదే: ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ను భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. నేను ఇందాక చెప్పిన సన్నని త్రిభుజాన్ని మళ్ళీ చూడండి. దాని పొడవైన భుజం మొదటి ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం, దాని కర్ణం ఆ తర్వాతి ఫెర్మా సంఖ్య.

బహుభుజి

కృతజ్ఞతలు. రెండు మాత్రమే తేడా ఉన్న సంఖ్యల్లో ఒకటి పూర్తిగా గీయదగినది, మరొకటి అసలు గీయలేనిది అన్న సంగతి నాకు ఇప్పటివరకు తెలియదు.

శేషాంకం

ఇక మిగిలిన వర్గాలను త్వరగా చూసేద్దాం. సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి ఇది అర్ధప్రధాన సంఖ్య, ఆ రెండూ వేర్వేరు కాబట్టి ఏ వర్గంతోనూ భాగింపబడనిది. భాజకాలు నాలుగే: 1, 641, 6700417, అదీ. వాటి మొత్తం 4301668356. తనను తీసివేస్తే మిగిలిన భాజకాల మొత్తం 6701059, అది సంఖ్యలో ఐదు వందలో వంతు కూడా లేదు కాబట్టి ఇది న్యూన సంఖ్య, పరిపూర్ణ సంఖ్యలకు బహుదూరం. ఇరువైపులా ఉన్న ప్రధాన సంఖ్యలు 4294967291, 4294967311. అంటే ఆరు మెట్లు కిందనే ఒకటి ఉంది, పైకి పద్నాలుగు మెట్లు ఎక్కాలి.

ఇక్కడ ఒక్క విషయం గమనించమని కోరుతాను. అర్ధప్రధానం, న్యూనం వంటి పేర్లు కోట్లాది ఇతర సంఖ్యలకూ వర్తిస్తాయి, వాటివల్ల ఈ సంఖ్య గురించి కొత్తగా తెలిసేది తక్కువ. దీని స్వభావాన్ని చెప్పేవి 2³² + 1 అనే రూపం నుంచి పుట్టినవే: 2 ఆధారంగా పరీక్ష నెగ్గడం, కారణాంకాలు 128 గుణిజాలకు ఒకటి కలిపిన రూపంలో ఉండడం, రెండు వర్గాల మొత్తం కావడం. జాబితా రాసుకుంటే ఆ క్రమంలో రాసుకోండి.

సంఖ్యాన్వేషి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఐదు భాగహారాలూ నేనే చేశాను, శేషాలు సరిపోయాయి. చివరగా ఒక ప్రశ్న: ఆరవ ఫెర్మా సంఖ్య 2⁶⁴ + 1ను కూడా ఇలాగే చేతితో తేల్చగలమా? ఆ తర్వాతి వాటి సంగతేమిటి?

శేషాంకం

ఆరవదానిని చేతితో తేల్చినవారు ఉన్నారు. దాని కారణాంకాలు 274177, 67280421310721. లాండ్రీ 1880లో వాటిని ప్రకటించాడు. ఏడవది 39 అంకెలది, దాని కారణాంకాలు 1970లో కంప్యూటర్ సహాయంతో గాని దొరకలేదు. ఐదు నుంచి 32 వరకు ఉన్నవన్నీ సంయుక్త సంఖ్యలేనని తెలుసు, 65537 తర్వాత ఫెర్మా ప్రధాన సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. ప్రధానమో కాదో తేలనివాటిలో అతి చిన్నది 33వది. పూర్తిగా కారణాంకాలుగా విడగొట్టినవి పదకొండవ దాని వరకే. ఇరవయ్యవది, ఇరవై నాలుగవది సంయుక్తాలని పెపాన్ పరీక్ష ద్వారా తెలుసు, కానీ వాటి కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. తొలిఅడుగు గారు 3తో చేయబోతున్న వర్గాలే అక్కడ ఉన్న ఏకైక సాక్ష్యం.

తొలిఅడుగు

ముప్పై ఒక్క వర్గాలూ పూర్తిచేశాను. నాలుగు రోజులు పట్టింది. పద్దెనిమిదవ మెట్టులో ఒక అంకె తప్పి, 641తో శేషాలు సరిచూసుకుంటే పట్టుబడింది, అక్కడి నుంచి మళ్ళీ చేశాను. చివరికి 10324303 వచ్చింది.

సంఖ్యాన్వేషి

అభినందనలు, తొలిఅడుగు గారూ. నేను ఆరవ సంఖ్య మొదలుపెట్టాను. లూకాస్ నియమం ప్రకారం అక్కడ 256 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యలనే చూడాలి. 641 అనేది 128 యొక్క ఐదవ గుణిజం దగ్గరే దొరికింది, 274177 మాత్రం 256 యొక్క 1071వ గుణిజం దగ్గర ఉంది. సమాధానం తెలిసినా వరుసలో మొదటి నుంచే వెళ్తున్నాను. ఇప్పటికి నలభైవ గుణిజం దాటాను.